గుట్ట మీద పిడికెడు మట్టి

పోయినవారం ఈ కథను రాగి చెంబు దొర్లిన చప్పుడు దగ్గర ఆపాను. జూబిలీ హిల్స్‌లో గుట్ట చివరనున్న ఆ ఇంట్లో, పూజగది వెనక వరండాలో, కొళాయి కింద శ్యామలాదేవిగారు కూలబడి ఉన్నారు. ఒంటిమీద తడి చీర. కుడిచేతి మణికట్టును ఎడమచేత్తో పట్టుకుని నావైపు చూసి, "మళ్లీ పట్టుకుందే" అన్నారు.

వేసవి మొదలైన దగ్గరనుంచి ఆవిడ అంటున్న మాటే అది. కొళాయి తన చెయ్యి పట్టుకుంటోందని. ఆ రోజే, శుక్రవారం మధ్యాహ్నం రామకృష్ణగారు వచ్చారు. ఆయన ఈవిడ పోయిన భర్త వీరరాఘవయ్యగారి అన్న కొడుకు. ఫిల్మ్‌నగర్‌లో ఒక సినిమా కంపెనీకి ప్రొడక్షన్ పనులు చూస్తారు. కృష్ణానగర్‌లో ఇరుకు గదిలో ఉంటూ డబ్బింగులో గుంపు గొంతులకు వెళ్లే నన్ను, ఈవిడకు తోడుగా ఈ ఇంట్లో పెట్టింది ఆయనే. వచ్చినవారు బూట్లతోనే వరండాలోకి వెళ్లి కొళాయి తిప్పారు, మూశారు. వాచ్‌మన్ వీరయ్య టైరు చెప్పులతో వచ్చి తనూ తిప్పాడు. "నాకైతే ఏం కొట్టలే సార్" అన్నాడు. నేనూ తిప్పాను. నీళ్లు వచ్చాయి, అంతే.

"పిన్నీ, ఆదివారం మా డాక్టర్ వెంకటేశ్వరరావుగారిని తీసుకొస్తాను. ఆయనతో కాసేపు మాట్లాడు" అన్నారు రామకృష్ణగారు.

"జ్వరం లేదుగదరా నాకు."

"జ్వరాల డాక్టర్ కాదులే."

గేటు దాకా వెళ్లాక నాతో విడిగా చెప్పారు. డాక్టరు గనక మనసు బాగాలేదంటే ఊరి బయట ఒక ఆశ్రమంలో చేరుస్తారట, ఇల్లు షూటింగులకు ఇస్తారట. చెడ్డ మనిషి కాదాయన. ఒంటరిగా ఉండి ఏమైనా చేసుకుంటుందేమోనని నిజంగానే భయం. ఇల్లు అద్దెకు పోతే తన కంపెనీకి పనికొస్తుందన్నదీ నిజమే. రెండూ ఆ ముఖంలో ఒకేసారి కనిపించాయి.

ఆ రాత్రి నిద్రపట్టక, అందరం ఆ కొళాయిని ఎలా ముట్టుకున్నామో ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకున్నాను. రామకృష్ణగారికి బూట్లు. వీరయ్యకు టైరు చెప్పులు. నాకు రబ్బరు చెప్పులు. ఆ గచ్చు కాలుతుందని శ్యామలాదేవిగారే కొనిచ్చారు. ముగ్గురం ఒళ్లు తడి లేకుండా, మధ్యాహ్నం పూట, ఇంట్లో మామూలు కరెంటు ఉన్నప్పుడు తాకాం. ఆవిడ తాకేది పొద్దున. పొద్దున కరెంటు కోత. పేపర్లో వేళలు అచ్చువేసి మరీ తీసేవారు ఆ వేసవిలో. కోత మొదలవగానే వీరయ్య పెరట్లో చిన్న పెట్రోలు జనరేటర్ తాడు గుంజేవాడు. అది మోగుతుండగానే ఆవిడ స్నానం చేసి, తడిపిన చీర కట్టుకుని, ఉత్తకాళ్లతో మడినీళ్లు పట్టుకునేవారు. మడిలో ఉన్నంతసేపు ఆవిడ దగ్గరికి గాని ఆ కొళాయి దగ్గరికి గాని ఎవరూ పోకూడదు. గడప ఇవతల నిలబడి చూడటమే నా పని. అంటే ఆవిడ ముట్టుకున్నట్టు ఈ ఇంట్లో ఇంకెవరూ ఆ కొళాయిని ముట్టుకోలేదు.

శనివారం పొద్దున జనరేటర్ మొదలవగానే నేనూ నెత్తిన నీళ్లు పోసుకున్నాను. తడి పరికిణీ పిండకుండానే వరండాలోకి వచ్చాను. చెప్పులు గడప దగ్గర వదిలేశాను.

శ్యామలాదేవిగారు చెంబు పట్టుకుని కొళాయికి రెండడుగుల దూరంలో ఉన్నారు.

"రాకు. మడి కట్టుకున్నాను, కనపడటంలేదా?"

"ఒక్కసారి అమ్మగారూ. కావాలంటే మళ్లీ తడుపుకుందురుగాని."

"పల్లెటూరి మొండిదానివే నువ్వు."

మా నాన్న పొలంలో మోటారు పెట్టెను ఎప్పుడూ అరచేత్తో తాకేవాడు కాదు. వేళ్ల వెనకవైపుతో తాకి చూసేవాడు. కరెంటుంటే చెయ్యి దానంతటదే వెనక్కి వస్తుందని, అరచెయ్యి అయితే ముడుచుకుని అక్కడే ఉండిపోతుందని చెప్పేవాడు. నేనూ అలాగే వేళ్లు మడిచి వెనకవైపు ఆనించాను.

మణికట్టు దగ్గర ఎవరో గట్టిగా పట్టుకుని వదిలినట్టయింది. చెయ్యి మోచేతిదాకా నాది కాకుండా పోయి మళ్లీ నాదయింది. గోడకు ఆనుకుని నిలబడ్డాను. గుండె చప్పుడు జనరేటర్ మోతను మించి వినపడింది.

"మీరు చెప్పింది నిజమే అమ్మగారూ" అన్నాను ఊపిరి అందాక. "కరెంటే. కొళాయికి కరెంటు వస్తోంది. రేపు డాక్టరుగారికి ఈ మాటే చెప్దాం."

ఆవిడ సంతోషిస్తారనుకున్నాను. ఇన్నాళ్లు ఎవరూ నమ్మలేదు గదా. కాని ఆవిడ నా చేతివైపే చూస్తూ ఉండిపోయారు.

"నీక్కూడానా" అన్నారు చివరికి. తన వస్తువేదో నా పెట్టెలో దొరికినట్టుంది ఆ గొంతు. అప్పుడు నాకది అర్థం కాలేదు.

వీరయ్యతో జనరేటర్ ఆపించి, బోరబండ నుంచి జంగయ్యను పిలిపించాను. ఆ ఇంటి కరెంటు పని ముందునుంచీ అతనిదే. కోత అయి కరెంటు వచ్చాక సైకిలు తోసుకుంటూ గుట్ట ఎక్కాడు.

"ఏందమ్మా, నల్లా కొడుతుందంట?"

"ముట్టుకుని చూస్తావా?"

"నాకు పెండ్లాం ఉన్నది, పిల్లలున్నరు బిడ్డా. నేనెందుకు ముట్టుకుంట" అని నవ్వి, పెరట్లో జనరేటర్ దగ్గర కూర్చున్నాడు. పక్క రేకు విప్పాడు. కాసేపటికి నవ్వు మానేశాడు. లోపల ఒక తీగ ఇనుప చట్రానికి రాసుకుని రాసుకుని తొక్క ఊడిపోయి ఉంది. చట్రానికి ఒక మూల బోల్టు, దానికి ఇంకో తీగ. ఆ తీగ గోడవెంట పోయి వరండా పక్కన నీళ్ల పైపుకు చుట్టి ఉంది.

"ఇలా చుట్టింది ఎవరు?" అని అడిగాను.

జంగయ్య తల గోక్కున్నాడు. "నేనే."

"నువ్వా?"

"మరేం జెయ్యాలె? ఎర్తు పెట్టాలంటే గుంట తవ్వాలె, పైపు దించాలె. గీ గుట్ట మీద గుంటంటే పార గాదు, బాంబు కావాలె. ఏడ కొట్టినా బండే. సార్ గిట్లనే నిలబడి చూసిండు. ఇప్పటికి పైపుకు కట్టు జంగయ్యా, వానలు పడ్డంక మంచిగ చూద్దమన్నడు. వానలకు ముందే సార్ పాయె. ఇగ నన్ను పిలిచినోళ్లు లేరు, నేను యాది జేసుకోలే."

"పైపుకు కడితే ఏమవుతుంది?"

"పైపు భూమిలకు పోతే ఏం గాదు. ఇది పోలే. బండ మీద పండుకున్నది. ఇగ మిషన్ల వైరు తొక్క ఊడితే ఆ కరెంటు ఎటు పోవాలె? ఎవలు తడికాళ్లతోని ముట్టుకుంటే వాళ్లలకెళ్లి పోతది. అమ్మ బతికున్నదంటే దేవుడే." అని తన చెంప మీద తనే వేసుకున్నాడు. నాకు చూపించడానికి కాదు, గట్టిగానే.

వరండా కిటికీ అవతల చీర కదిలింది. శ్యామలాదేవిగారు వింటున్నారని నాకప్పటిదాకా తెలియదు.

"ఆయనే కట్టమన్నారా జంగయ్యా?" అన్నారు లోపలినుంచి.

"అవునమ్మా. అబద్ధమెందుకు చెప్తా."

"ఆయనకు ఎర్తు సంగతి తెలుసే. మైకులో గుయ్‌మంటే ముందు ఎర్తు చూడమనేవారు."

వీరరాఘవయ్యగారు సినిమాలకు శబ్దం రికార్డు చేసేవారు. ఆవిడ తెరమీద ఎవరెవరికో గొంతు ఇచ్చేవారు.

"ఇప్పుడైనా గుంట తవ్వాలిగా. ఎక్కడ తవ్వుతావు?" అని అడిగాను జంగయ్యను.

అతను పెరడంతా చూశాడు. గునపంతో రెండుచోట్ల కొట్టాడు. గునపం ఖణేల్‌మని ఎగిరింది. అప్పుడు కిటికీలోంచి మళ్లీ ఆ గొంతే వచ్చింది.

"గులాబీల పాదులో తవ్వుకో. ఈ ఇంట్లో మట్టి ఉన్నది అక్కడొక్కచోటే."

ఇల్లు కట్టిన కొత్తలో ఈ గుట్ట మీద గడ్డి కూడా మొలవలేదట. బండల మధ్య లోతుగా పల్లం ఉన్నచోట వీరరాఘవయ్యగారు మొయినాబాద్ వైపునుంచి లారీలో మట్టి తెప్పించి పోయించారు. గులాబీలు వేశారు. ఆయన పోయాక వాటికి నీళ్లు పోసింది నేనొచ్చాకే. రెండు మొక్కలు బతికున్నాయి.

ఆ రెండింటిని పక్కకు తీసి తడిగోనెలో చుట్టిపెట్టాను. జంగయ్య తవ్వాడు. గునపం మెత్తగా దిగింది. నడుంలోతు పైగా పోయినా మట్టే వచ్చింది, అడుగున చల్లగా, కొంచెం నల్లగా. ఇస్త్రీ బండివాడి దగ్గర బొగ్గు, కిరాణా కొట్లో రాళ్ల ఉప్పు తెచ్చాం. గుంటలో ఇనుప గొట్టం నిలబెట్టి, చుట్టూ ఒక వరస బొగ్గు, ఒక వరస ఉప్పు వేసుకుంటూ వచ్చాడు. తర్వాత మట్టి కప్పి నీళ్లు పొయ్యమన్నాడు. బిందెలతో పోశాను. ఎన్ని పోసినా తాగేసింది.

"యాదుంచుకో బిడ్డా. ఎండాకాలం ఈ గుంటకు నీళ్లు పోస్తనే ఉండాలె. ఎండిందంటే మల్ల బండనే."

నీళ్ల పైపుకు చుట్టిన తీగ తీసి పారేశాడు. జనరేటర్ లోపలి తీగ మార్చాడు. చట్రం బోల్టునుంచి కొత్త గొట్టానికి లావుపాటి తీగ బిగించాడు. తర్వాత ఒక బల్బు తెచ్చి నాకు చూపించాడు. ఇంటి కరెంటు తీగ ఒకవైపు, రెండోవైపు పాత నీళ్ల పైపు. బల్బు లోపల తీగ మాత్రం ఆరిపోతున్న నిప్పులా ఎర్రబడింది.

"చూడు, ఇది నేను చేసిన ఎర్తు" అన్నాడు.

రెండోవైపు గులాబీల గుంటలోని గొట్టానికి మార్చాడు. పట్టపగలే అయినా బల్బు తెల్లగా వెలిగింది. శ్యామలాదేవిగారు వరండా మెట్టు మీదకు వచ్చి నిలబడ్డారు. అది వెలిగినంతసేపు చూశారు. జంగయ్య ఆర్పేశాక లోపలికి వెళ్లిపోయారు.

ఆదివారం పొద్దున కోత మొదలైంది. వీరయ్య తాడు గుంజాడు. జనరేటర్ ఎప్పటిలాగే మోగింది. ఆవిడ స్నానం చేసి తడిచీరతో వచ్చారు. నేను గడప ఇవతల, చెప్పులేసుకునే నిలబడ్డాను. ఇక భయం లేదుగా అన్న ధైర్యం నాది.

ఆవిడ కొళాయి పట్టుకున్నారు. అరచేత్తోనే, నిండా. చెంబు నిండింది, పొర్లింది. నీళ్లు గచ్చుమీదుగా తూముకు పోతున్నాయి. చెయ్యి తియ్యలేదు. రెండో చెయ్యి కూడా వేశారు. ఒకసారి బిగించారు, వదిలారు, మళ్లీ బిగించారు.

"చల్లగా ఉంది" అన్నారు.

"పోయిందిగా అమ్మగారూ."

"పోయింది."

కొళాయి కట్టేసి అక్కడే, తడిగచ్చు మీద కూర్చున్నారు. పూజకు లేవలేదు. నేను గడప దాటాలో వద్దో తెలియక నిలబడ్డాను.

"రికార్డింగు థియేటర్లో ఆయన అద్దం అవతల ఉండేవారే" అన్నారు నావైపు చూడకుండా. "నేను ఇవతల మైకు ముందు. టేకు బాగా వస్తే బాగుందని అనరు. తలుపు తీసుకుని వచ్చి, ఇదిగో ఇక్కడ, మణికట్టు దగ్గర ఒక్కసారి గట్టిగా పట్టుకుని వదిలేవారు. మళ్లీ వెళ్లి అద్దం అవతల కూర్చునేవారు. ఎన్ని సినిమాలు అలా చేశామో."

నా మణికట్టు వైపు నేను చూసుకున్నాను. నిన్న నాకూ అక్కడే.

"మొదట భయపడ్డాను, నిజం చెప్పొద్దూ. రామకృష్ణతో చెప్పానుగా పట్టుకుంటోందని. తర్వాత్తర్వాత భయం లేదు. మొన్న చెంబు జారింది నొప్పికి అనుకున్నావా? వదలకూడదని కొళాయిని నేనే బిగించి పట్టుకున్నాను."

"చచ్చిపోయేవారు అమ్మగారూ."

"ఏమో. పొద్దున మడి. మడి విప్పాక నువ్వు అమ్మగారూ అంటూ అంత దూరాన నిలబడతావు. వీరయ్య గేటు దగ్గర. రోజు మొత్తం మీద నన్ను ముట్టుకునేది ఎవరున్నారు, చెప్పు? కరెంటని నాకు మాత్రం తెలీదా? తెలుసు. తెలిసినా పొద్దున లేవడానికి అదొకటి ఉండేది."

వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకోవాలనిపించింది. మడి గుర్తొచ్చి ఆగాను. ఈ పాడు మడి ఎందుకు గుర్తు రావాలి అనుకుంటుండగానే ఆవిడ లేచి చెంబు తీసుకుని లోపలికి వెళ్లిపోయారు. ఆ పూట దేవుడి దగ్గర గంట వినపడలేదు.

మధ్యాహ్నం రామకృష్ణగారు డాక్టరును తీసుకొచ్చారు. డాక్టర్ వెంకటేశ్వరరావుగారు పెద్దాయన, మెత్తగా మాట్లాడతారు. వాళ్లు కూర్చోగానే నేను అంతా చెప్పేశాను. తొక్క ఊడిన తీగ, పైపుకు చుట్టిన ఎర్తు, నేను తాకి చూడటం, గులాబీల గుంట. ఎప్పుడూ అంత మాట్లాడని దాన్ని, నాకే ఆశ్చర్యం వేసింది.

రామకృష్ణగారు కుర్చీలో కొంచెం కిందికి జారారు. "నిజంగా షాకేనా? నేను బూట్లతో తాకి, పిన్నికి పిచ్చి అనుకున్నానా?"

"పిచ్చి అని నోటితో అనలేదులెండి" అన్నాను.

"అనుకున్నానుగా" అన్నారాయన. "పిన్నీ, తప్పయింది."

శ్యామలాదేవిగారు సోఫాలో కూర్చుని చేతిగాజు తిప్పుకుంటున్నారు. డాక్టరుగారు నవ్వి సంచి భుజానికి తగిలించుకున్నారు.

"అయితే మీకు కావలసింది ఎలక్ట్రీషియన్, నేను కాదు. కాఫీ తాగి వెళ్లిపోతాను. ఊరికే అడుగుతున్నానమ్మా, ఇప్పుడేమీ లేదుగా? బాగుచేశాక?"

ఒక్కమాట చాలు, లేదండీ అని. ఆశ్రమం మాట ఉండదు, ఇల్లు ఆవిడదే, గులాబీలు ఆవిడవే. నేను కాఫీకి లేవబోతూ ఆవిడ ముఖం చూశాను. రెండు చేతులతో కొళాయి పట్టుకున్నప్పటి ముఖమే.

"ఉందండీ" అన్నారు. మైకు ముందు నిలబడ్డప్పుడు ఇలాగే ఉండేదేమో ఆ గొంతు. "ఇవాళ పొద్దున కూడా మా వారు నా చెయ్యి పట్టుకున్నారు. వీళ్లు తీగలన్నీ మార్చేశాక కూడా."

రామకృష్ణగారి ముఖంలో డాక్టరుగారి మాటకు వచ్చిన వెలుగు మెల్లగా వెనక్కి పోయింది.

డాక్టరుగారు సంచి భుజం మీదినుంచి తీసి ఒళ్లో పెట్టుకున్నారు. ఆవిడను ఇంకేమీ అడగలేదు. నావైపు తిరిగారు.

"అమ్మాయ్, పొద్దున నువ్వు అక్కడే ఉన్నావుగా. ఆవిడ కొళాయి పట్టుకున్నప్పుడు ఏం జరిగింది? నువ్వు చెప్పు."

శ్యామలాదేవిగారు కూడా తల తిప్పి నావైపు చూశారు. మణికట్టు ఒళ్లో ఉంది, రెండో చెయ్యి దానిమీద ఉంది.